గాయాలున్నా ఆఫెన్సివ్ లైన్‌మెన్ ఎందుకు ఆడతారు? ధైర్యమా, మూర్ఖత్వమా?

ప్రశ్న ఇది: "అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో, ముఖ్యంగా ఆఫెన్సివ్ లైన్‌లో ఆడే కుర్రాళ్ళు మోకాలు దెబ్బతిన్నా పట్టీలు బిగించుకుని మరీ ఆడతారట. దాన్ని ధైర్యం అనాలా, మూర్ఖత్వం అనాలా?"

ఆఫెన్సివ్ లైన్ అంటే బంతి ఉన్న జట్టులో ముందు నిలబడి, ఎదుటివాళ్ళు దూసుకురాకుండా అడ్డుకునే ఐదుగురు. వాళ్ళు చేసేదాన్ని నన్నడిగితే భయం అనాలి. నొప్పంటే వాళ్ళకు పెద్ద లెక్క లేదు, భయమంతా చోటు పోతుందనే.

ఎమ్మెస్ చదివే రోజుల్లో అమెరికా దక్షిణాదిలో ఒక యూనివర్సిటీలో క్రీడాకారులకు స్టాటిస్టిక్స్ ట్యూషన్ చెప్పేదాన్ని. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్ళు సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు, అదీ క్యాంపస్‌లోనే. డైనింగ్ హాల్లో ప్లేట్లు కడగడం కన్నా ఇది నయం కదా అని చేరాను. ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసిందల్లా శనివారం మ్యాచ్ ఉంటే శుక్రవారం సాయంత్రానికే పార్కింగ్ ఖాళీ చేయమంటారని. పర్మిట్‌కి ఏడాది మొత్తానికి డబ్బు కట్టించుకుని, ఆ రెండ్రోజులు మాత్రం మన బండిని లాక్కెళ్ళి మనకే ఫైన్ వేస్తారు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఒకడు లెఫ్ట్ గార్డ్, అంటే ఆ లైన్ మధ్యలో బంతి వెనక్కి అందించే సెంటర్‌కి ఎడమ పక్కన నిలబడేవాడు. పేరు చెప్పను. 140 కిలోలకు అటూ ఇటూ ఉంటాడు. మా గదిలో కుర్చీలు అతనికి చాలవని చేతులు లేని కుర్చీ ఒకటి వేరే తెప్పించారు. నాకంటే రెండేళ్ళో మూడేళ్ళో చిన్న, అయినా ఆ ప్రాంతపు అలవాటు కదా, ప్రతి మాటకీ "యెస్ మ్యామ్". ఇతని గురించి ఫోన్లో చెప్తే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "పాపం, పిల్లాడు సరిగ్గా తింటున్నాడా?" అని. తినడమే అతనికి పెద్ద పని. ఆకలి లేకపోయినా తినాలి, పడుకోబోయే ముందు తినాలి, బరువు రెండు కిలోలు తగ్గితే వెంటనే పిలిచి అడుగుతారు. స్టాటిస్టిక్స్ పుస్తకం పక్కన ఎప్పుడూ పీనట్ బటర్ సీసా ఉండేది.

అప్పటిదాకా అతని కథంతా ఎదురుదెబ్బలే. మొదటి ఏడాది రెడ్‌షర్ట్, అంటే దాదాపు మ్యాచ్‌లేవీ ఆడకుండా ప్రాక్టీసే. రెండో ఏడాది భుజానికి ఆపరేషన్. ఏరికోరి తెచ్చుకున్న కోచ్ మూడో ఏడాది వేరే యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు. కొత్తాయన వస్తూనే, యూనివర్సిటీ మారాలనుకునే ఆటగాళ్ళ జాబితా అయిన ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోంచి ఇద్దరు గార్డుల్ని పట్టుకొచ్చాడు. నాలుగో ఏడాదికి గానీ మొదటి ఐదుగురిలో ఇతనికి చోటు దక్కలేదు. ఆ సీజన్ మధ్యలో మోకాలు పోయింది.

ఆ ఆదివారం సాయంత్రం నాకు బాగా గుర్తుంది. మ్యాచ్ ముందురోజే అయింది. కుడి మోకాలికి ఐస్ సంచి పెట్టి, దాని మీద ప్లాస్టిక్ చుట్ట తొడ దాకా బిగించి కట్టారు. కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు కలిపి టేపు వేశారు. వేలి కీలు తప్పితే మైదానం పక్కనే లాగి సరిచేశారట, ఆ మాట ఏదో బటన్ ఊడితే కుట్టించుకున్నట్టు చెప్పాడు. హోంవర్క్ చేత్తో రాసి, ఫొటో తీసి, రాత్రి పన్నెండులోపు అప్‌లోడ్ చేయాలి. అతనిది కుడిచేతి వాటం. పెన్ను పట్టుకుందామంటే వేళ్ళు వంగవు.

ఇక్కడ ఒక రూల్ అడ్డం వచ్చింది. క్రీడాకారుల హోంవర్క్ మీద ట్యూటర్ పెన్ను పెట్టకూడదు, వాళ్ళ కీబోర్డు ముట్టుకోకూడదు. అతను నోటితో చెప్పిన జవాబునైనా సరే, నేను రాయడానికి వీల్లేదు. తమాషా రూల్ కాదిది. ఒక ట్యూటర్ ఆటగాళ్ళ కోర్సు పని తానే చేసి పెట్టినందుకు 2019లో కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ మిస్సోరీ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టును ఆ ఏడాది పోస్ట్‌సీజన్ (సీజన్ చివరి పెద్ద మ్యాచ్‌లు) ఆడకుండా నిషేధించింది. నాకైతే ఉద్యోగంతో పాటు వీసా కూడా గుర్తొచ్చింది. "గాయమైందని మీ ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టు, గడువు ఇస్తారు" అన్నాను. "వద్దు మ్యామ్, ఆ మెయిల్ కోచ్‌కి తెలుస్తుంది. వేలి సంగతి పెద్దది చేయడం నాకిష్టం లేదు" అన్నాడు. ఎడంచేత్తో రాయడం మొదలుపెట్టాడు. సిగ్మా గీయడానికే తంటాలు పడ్డాడు. ఒక కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ లెక్క పూర్తయ్యేసరికి పక్క టేబుళ్ళవాళ్ళంతా ఇళ్ళకు పోయారు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను.

మధ్యలో విశ్రాంతిగా ఉంటుందని ట్యాబ్ తీసి ముందురోజు వీడియో చూపించాడు. అతని పని అతను సరిగ్గానే చేశాడు. ఎదుటివాణ్ణి ఛాతీ మీద చేతులేసి నెట్టుకుంటూ నిలబడ్డాడు. బంతి పట్టుకుని వెనకనుంచి వస్తున్న రన్నింగ్ బ్యాక్‌ని ఎవరో పట్టుకుంటే, ఇద్దరూ కలిసి దొర్లుతూ వచ్చి ఇతని కుడికాలికి బయటి పక్కన తగిలారు. మోకాలు లోపలికి వంగింది. ఎంసీఎల్ (మోకాలి లోపలి పక్కనుండే లిగమెంటు) దెబ్బతినేది ఎక్కువగా ఇలాగే. దెబ్బ వచ్చేది చూడని వైపునుంచి, తరచూ సొంత జట్టువాడి బరువుతో. కాళ్ళు రెండిటికీ బ్రేస్‌లు వేసుకునే ఆడతారు, అయినా తప్పదు.

నేను తల తిప్పేసుకున్నాను. అతను మాత్రం వీడియోని వెనక్కి, ముందుకి జరుపుతున్నాడు. మోకాలు వంగిన చోట కాదు, అంతకు రెండు సెకన్ల ముందు. "ఇదిగో, ఇక్కడ నా మొదటి అడుగు ఆలస్యమైంది, దీనికి మార్కులు తగ్గిస్తారు." వాళ్ళకు ప్రతి ప్లేకీ, అంటే బంతి కదిలిన ప్రతిసారీ, కోచ్‌లు మార్కులేస్తారు, మ్యాచ్‌కి డెబ్బై దాకా ఉంటాయి. ఆ దెబ్బ తర్వాత లేచి కుంటుకుంటూ బయటికెళ్ళి, తర్వాతి సిరీస్‌కి, అంటే తమ జట్టుకి మళ్ళీ బంతి దొరికినప్పుడు, వచ్చేశాడు. "ఎందుకెళ్ళావు?" అని అడిగాను.

"నా వెనకున్నవాడు ఆ ఒక్క సిరీస్‌లో బాగా ఆడితే, సోమవారం చార్టులో పేర్లు మారతాయి మ్యామ్."

చార్టంటే ప్రతి స్థానంలో మొదట ఎవరు, వాళ్ళ తర్వాత ఎవరు ఆడాలో కోచ్‌లు రాసే జాబితా. మీ ప్రశ్నకు ఇదే నా జవాబు. ఇక్కడితో ఆపొచ్చు గానీ, చెప్పాలనుకున్నవి ఇంకా ఉన్నాయి.

గాయమైతే స్కాలర్‌షిప్ పోతుంది, అందుకే ఆడతారు అని మనవాళ్ళు చాలామంది అంటుంటారు. పెద్ద కాన్ఫరెన్సుల్లో (యూనివర్సిటీలు కలిసి ఆడే లీగుల్లో) 2015 నుంచి అలా తీసేయడానికి లేదు. కోచ్ బలవంతంగా ఆడిస్తాడన్నది ఇంకో మాట. ఆడొచ్చా లేదా అన్నది వైద్యబృందమే తేల్చాలని నిబంధన ఉంది. కానీ ఆటగాడే "నొప్పి లేదు" అని చెప్తుంటే వైద్యబృందం ఏం చేస్తుంది? చార్టులో మొదటి వరుసలో ఉండాలని అతనే పళ్ళు బిగబట్టి కప్పిపుచ్చుతాడు. చోటు కాపాడే రూల్ ఏ పుస్తకంలోనూ లేదు.

లైన్‌మెన్‌కి ఈ భయం మిగతావాళ్ళకంటే ఎందుకెక్కువ? వాళ్ళకు అంకెలు లేవు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి యార్డులు, టచ్‌డౌన్‌లు ఉంటాయి. నాలుగు మ్యాచ్‌లు ఆడకపోయినా గత ఏడాది అంకెలు అతని తరఫున మాట్లాడతాయి. గార్డ్‌కి స్కోరు పట్టికలో గడే లేదు. హోల్డింగ్ (ఎదుటివాణ్ణి పట్టుకుని ఆపడం) చేసి జట్టు 10 యార్డులు వెనక్కి పోయినప్పుడే రిఫరీ మైకులో అతని నంబర్ స్టేడియమంతా వినిపిస్తుంది. పెళ్ళిలో వంటవాళ్ళ బతుకు వీళ్ళది: భోజనం బాగుంటే పొగడ్తలు పెళ్ళివారికి, ఉప్పెక్కువైతే వంటవాడెవడని వెతుకుతారు. లైన్ మొత్తానికి కలిపి ఇచ్చే జో మూర్ అవార్డు కూడా 2015లో గానీ మొదలుకాలేదు.

డబ్బుల విషయమూ అంతే. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్ళు తమ పేరు, ముఖం అమ్ముకుని సంపాదించుకోవచ్చు. మావాడికి దొరికింది ఊళ్ళో ఒక బార్బెక్యూ హోటల్లో ఉచిత భోజనం. ఆ ఏడాది చివర్లో టెక్సస్ యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ ఉన్న ప్రతి ఆఫెన్సివ్ లైన్‌మన్‌కీ ఏడాదికి 50 వేల డాలర్లు ఇస్తామని ఒక సంస్థ ప్రకటించింది. ఆ వార్త అతనే చూపించి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, నా అసిస్టెంట్‌షిప్ దాంట్లో సగం కూడా లేదు.

కామెంట్లలో ఎవరో ఒకరు లాండన్ డికర్సన్ పేరు తెస్తారు, అందుకే ముందే చెప్తున్నా. ఫ్లోరిడా స్టేట్‌లో ఏసీఎల్ (మోకాలి మధ్యలోని లిగమెంటు) తెగి, తర్వాత చీలమండ దెబ్బలతో సీజన్‌లకు సీజన్‌లే పోగొట్టుకున్నాడు. అలబామాకి మారి 2020లో దేశంలోనే మేటి సెంటర్‌గా రిమింగ్టన్ ట్రోఫీ గెలిచాడు. ఆ డిసెంబరులో ఫ్లోరిడాతో తమ కాన్ఫరెన్స్ ఎస్‌ఈసీ ఫైనల్లో మళ్ళీ ఏసీఎల్ తెగింది. అయినా 2021 జనవరి 11న ఒహాయో స్టేట్‌తో నేషనల్ ఛాంపియన్‌షిప్‌కి పూర్తి యూనిఫాంలో వచ్చి, చివర్లో బంతి అందించడానికి మైదానంలోకి దిగాడు. స్కోరు అప్పటికి 52-24. క్వార్టర్‌బ్యాక్ మోకాలు నేలకానిస్తే సమయం అయిపోతుంది, అంతే. చూస్తే నాకూ కళ్ళు చెమర్చాయి. కానీ గమనించండి, అతని చోటు అప్పటికి ఎవరూ తీసుకోలేనిది. భయం లేదు కాబట్టే అంత సరదాగా దిగగలిగాడు. అదే డికర్సన్ తర్వాత ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఫిలడెల్ఫియా ఈగల్స్‌తో దాని ఫైనల్ సూపర్‌బౌల్ కూడా గెలిచాడు.

నా వాదనకు అసలు సాక్ష్యం జాక్ జింటర్. 2023 నవంబరు 25న ఒహాయో స్టేట్ మీద ఆడుతూ మిషిగన్ గార్డ్ జింటర్‌కి మోకాలి కింద ఎముకలు రెండూ విరిగాయి. కార్ట్ మీద తీసుకెళ్ళారు. సరిగ్గా ఆ తర్వాతి ప్లేలోనే మిషిగన్ రన్నింగ్ బ్యాక్ బ్లేక్ కోరం 22 యార్డులు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు, చేసి వేళ్ళతో జింటర్ నంబర్ 65 చూపించాడు. మిషిగన్ 30-24తో గెలిచింది, జనవరిలో అతను లేకుండానే దేశ ఛాంపియన్ అయింది. ఆ ఒహాయో స్టేట్ మ్యాచ్ డాలస్‌లో మా చుట్టాలింట్లో చూశాను. అందరూ ఎంత స్ఫూర్తి, ఎంత స్నేహం అన్నారు. నాకు మాత్రం ఇంకోటి కనిపించింది. లైన్‌లో అతను లేడు, టచ్‌డౌన్ మాత్రం వచ్చేసింది, అదీ నిమిషాల్లో. లైన్‌మెన్‌కి రాత్రుళ్ళు నిద్ర పట్టనివ్వనిది ఇదే. ఈ మాట అంటే మా బాబాయి "హెల్మెట్, ప్యాడ్లు ఉన్నాయిగా, దెబ్బలేం తగుల్తాయి, ఐదు సెకన్ల ఆట, ఐదు నిమిషాల యాడ్స్" అన్నాడు. హెల్మెట్ మోకాలికి వేసుకోరు బాబాయ్ అని చెప్పి ఊరుకున్నాను.

మిగతా నలుగురి కోసం ఆడతామని కూడా వాళ్ళు చెప్తారు. అబద్ధమని అనను. పక్కవాడు మారితే సెంటర్ అరిచే పిలుపుల దగ్గర్నుంచి ఎవరు ఎవర్ని పట్టుకోవాలన్నదాకా అన్నీ తడబడతాయి. కానీ నా ముందు కూర్చుని ఎడంచేత్తో లెక్క చేసినవాడు ఆ మాట రెండోసారి అడిగితే చెప్పాడు, మొదటిసారి చార్టు గురించే చెప్పాడు. మొదట వచ్చిన జవాబునే నేను నమ్ముతాను.

అతను ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్ళాడా అని అడుగుతారు. వెళ్ళలేదు. ఆ సీజన్ మిగతా మ్యాచ్‌లన్నీ బ్రేస్‌తో ఆడాడు. మరుసటి ఏడాది వసంతంలో పోర్టల్ నుంచి ఇంకో గార్డ్ వచ్చాడు, ఇతను రెండో వరుసకు జారాడు. చివరి ఏడాది ఎక్కువగా ఫీల్డ్ గోల్ తన్నేటప్పుడే దిగేవాడు. డిగ్రీ పూర్తి చేశాడు. ఇప్పుడు ఏదో కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సైటు చూసుకుంటున్నాడు, బాగా సన్నబడ్డాడు కూడా. స్టాటిస్టిక్స్‌లో గ్రేడ్ ఎంతో చెప్పను, దానికీ ఒక రూల్ ఉంది. ఫెయిల్ మాత్రం కాలేదు.