నాన్న ఫ్లాపీల గురించి బాబాయి రాసింది

అమ్మలూ,

అటక మీద నాన్న ఫ్లాపీలు, అదే పాతకాలంలో కంప్యూటర్ ఫైళ్ళు దాచుకున్న డిస్కులు దొరికాయని, వాటిని చదివే యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ కూడా ఆన్‌లైన్‌లో తెప్పించానని రాశావు. సంతోషం. కానీ ఇది చదవడం పూర్తయ్యేదాకా ఒక్కటి కూడా అందులో పెట్టకు.

ముందు ఫ్లాపీ రేకు మూతని గోటితో పక్కకి జరుపు. లోపల పల్చటి గోధుమరంగు బిళ్ళ ఉంటుంది, వేలు తగలనివ్వకు. వెనక నడిమధ్యనున్న ఇనప చక్రాన్ని మెల్లిగా తిప్పుతూ దీపం కింద చూడు. తెల్లటి మచ్చలుంటే బూజే. బెజవాడ ఉక్కలో పాతికేళ్ళు మగ్గిన సరుకు మరి! బూజుది పెట్టావంటే ఆ మురికి డ్రైవ్‌లో ఫ్లాపీని చదివే హెడ్‌కి అంటుకుని, తర్వాత పెట్టిన మంచిదాన్ని కూడా గీకేస్తుంది. వాటిని వేరే కవర్లో వెయ్యి.

మూలనున్న చిన్న బుడిపెని జరిపి, కన్నంలోంచి అవతలకి కనపడేలా ఉంచు. అప్పుడు కంప్యూటర్ చదవగలదే తప్ప చెరపలేదు. విండోస్ ఫార్మాట్ చెయ్యమంటావా అని అడిగితే ఛస్తే ఒప్పుకోకు. ఫైళ్ళు ఒక్కొక్కటీ లాగొద్దు, మొత్తం ఫ్లాపీని ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా, అంటే ఇమేజ్‌గా తీసుకో. ఎంతని, 1.44 ఎంబీ! నీ ఫోన్ ఫొటో ఒక్కటి పట్టదు. ఒక డ్రైవ్‌లో చదవనిది ఇంకోదాంట్లో చదవచ్చు, తొందరపడి పారెయ్యకు. కొత్తవి కొనుక్కునే రోజులు పోయాయి, సోనీయే 2011లో అమ్మకం ఆపేసింది. జపాన్ సర్కారు మాత్రం ఫ్లాపీల్లోనే కాగితాలు దాఖలు చెయ్యాలన్న నిబంధనల్ని 2024 దాకా పట్టుకుని కూర్చుంది. మన ఆఫీసులే నయం.

అసలు చిక్కు ఆ తర్వాత. నాన్న కథలు నేనే పుస్తకాల పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో కంపోజ్ చేశాను. నువ్వు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ, డాలరు గుర్తులూ కలగాపులగంగా కనబడతాయి. పాడైందనుకునేవు. అప్పట్లో ఇంగ్లీషు అక్షరం కుర్చీలో తెలుగు అక్షరాన్ని కూర్చోబెట్టేవాళ్ళం, ఆ ఫాంటు లేకపోతే కుర్చీయే కనబడుతుంది. ఇప్పుడు దాని బదులు వాడే ఇన్‌డిజైన్ కొత్త వెర్షన్లు పేజ్‌మేకర్ ఫైళ్ళని తెరవవు, ఆ పని నా పాత సిస్టమ్ మీద చేద్దాం. మ్యాటర్‌ని, ఏ ఫోన్లోనైనా తెలుగు తెలుగుగానే కనబడే యూనికోడ్‌లోకి మార్చాక ప్రూఫు చూడాల్సిందే. కన్వర్టర్లు ఒత్తుల దగ్గర దొంగదెబ్బ తీస్తాయి.

అంతా అయ్యాక పెన్‌డ్రైవ్‌లో వేసి బీరువాలో పెడతానన్నావు చూడు, అది నాకు నచ్చలేదు. నేనూ ఒకసారి అలాగే ఒకాయన నవల సీడీలోకి ఎక్కించి, ఫ్లాపీలు పారేశాను. ఎనిమిదేళ్ళకి ఆయన రెండో ముద్రణంటూ వచ్చాడు. సీడీ గిర్రున తిరిగిందే గానీ తెరుచుకోలేదు. మళ్ళీ మూడొందల పేజీలూ కొట్టిచ్చాను, డబ్బులడగడానికి మొహం చెల్లలేదు. పెన్‌డ్రైవ్‌లో ఉండేది విద్యుదావేశం. కరెంటు తగలకుండా ఏళ్ళ తరబడి పడి ఉంటే అది కారిపోతుంది. చేత్తో అటూ ఇటూ మోసుకెళ్ళడానికే దాన్ని వాడు. రెండు హార్డ్ డిస్కులు కొని ఒకటి తమ్ముడింట్లో ఉంచు, ఇంకో కాపీ క్లౌడ్‌లో పెట్టు. ఏటా సంక్రాంతికి ఇల్లు దులిపినప్పుడు తెరిచి చూసుకో.

లేబుళ్ళు మాత్రం పీకకు. వాటి మీద పెన్సిల్‌తో ఉన్నది నాన్న చేతిరాత. పెద్దవి, వంగే ఐదుంపావు అంగుళాలవి నీ డ్రైవ్‌లో దూరవు. మధ్య అట్ట పెట్టి, మడత పడకుండా వచ్చేప్పుడు తీసుకురా. వాటి డ్రైవ్ నా మంచం కిందే ఉంది, దుమ్ము దులిపి ఉంచుతాను.

బాబాయి