పాత కిండిల్, తెలుగు పుస్తకాలు

అమలాపురం మిత్రులకు: మీ నాన్నగారి పాత కిండిల్ పేపర్‌వైట్ (ఈ-పుస్తకాలు చదివే పరికరం) కంప్యూటర్‌కు తగిలిస్తే ఛార్జింగ్ ఎక్కుతోంది గానీ డ్రైవ్‌గా కనిపించడం లేదన్నారు. ముందు కేబుల్‌ను అనుమానించండి. ఛార్జింగ్‌కు తప్ప మరెందుకూ పనికిరాని తీగలు బజారులో కోకొల్లలు. డేటా కూడా వెళ్లే మైక్రో యూఎస్‌బీ కేబుల్ అని అడిగి కొనండి. వానాకాలంలో కోనసీమ గాలి సంగతి మీకు చెప్పేదేముంది, పోర్టులో తేమ లేదని చూసుకున్నాకే తగిలించండి.

ఇక తెలుగు. వికీసోర్స్ అనే ఉచిత గ్రంథాల వెబ్‌సైట్‌లోని పుస్తకాలు ఈపబ్ అనే ఈ-పుస్తక ఫైలుగా దొరుకుతాయి. కేబుల్‌తో ఎక్కిస్తే కిండిల్ ఈపబ్‌ను తెరవదు కాబట్టి, ఉచితంగా దొరికే కాలిబర్ అనే సాఫ్ట్‌వేర్‌లో, కిండిల్ తెరవగల ఏజెడ్‌డబ్ల్యూ3 ఫైలుగా మార్చి 'డాక్యుమెంట్స్' ఫోల్డర్‌లో వేయండి. ఒత్తులు విడిపోయి, గుణింతాలు చెదిరితే కుస్తీ పట్టకండి, అదే కాలిబర్‌లో పీడీఎఫ్ చేయండి. పేజీ కొలత 9 × 12 సెంటీమీటర్లు, అంచులు నామమాత్రం. ఆరంగుళాల తెరకు అతికినట్టు సరిపోతుంది. ఫాంటు ఫైలులోనే ఉంటుంది కనుక 'లక్ష్మి' లాంటి ఒత్తుల మాటలు చెక్కుచెదరవు. ఏ4 పీడీఎఫ్ మాత్రం వద్దు, అక్షరాలు చీమల బారే.

చదివేటప్పుడు విమానం మోడ్ పెడితే పాత బ్యాటరీ ఎక్కువ రోజులు వస్తుంది. కేబుల్ మార్చినా డ్రైవ్ కనిపించకపోతే సీరియల్ సంఖ్యలో మొదటి ఆరు అక్షరాలు మాత్రం రాయండి, ఏ మోడలో తేలుతుంది.