పెరటి గదికి చెక్క తలుపు: వానకు బిగుసుకోకుండా, కిందికి వాలకుండా చేసుకోవడం ఎలా?

మీరు అడిగింది ఇది: విజయవాడలో ఇంటి వెనక పార, గునపం, ఎరువు బస్తాలు పెట్టుకునే చిన్న గది ఉంది, దానికి తలుపు సొంతంగా చేసుకోవచ్చా, లేక ఫ్లష్ డోర్ (రెండు వైపులా ప్లైవుడ్ పొరలు అతికించిన నున్నటి తలుపు) కొనడమే మేలా, చేస్తే వానాకాలంలో బిగుసుకోకుండా ఉండేదెలా అని. సొంతంగానే చేసుకోండి. గుంటూరులో కొరిటెపాడు వైపు మా పెరట్లో ఇలాంటి గదికే నేను తలుపు చేశాను. రంపం, డ్రిల్లు, చిత్రిక, మూలమట్టం ఉంటే పని నడుస్తుంది.

ఫ్లష్ డోర్ సంగతి ముందే చెప్పేస్తాను. ఇంట్లోపలి గదులకు అది బాగానే ఉంటుంది. వాన జల్లు, పడమటి ఎండ నేరుగా తగిలే చోట మామూలు రకం పెడితే పొరలు విడిపోతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు అక్కడ మా అక్కావాళ్ల ఇంట్లో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. ఫ్లష్ తలుపులన్నీ అడుగున ఉబ్బి, పొరలు లేచి పనికిరాకుండా పోయాయి. మెట్ల కింద గదికి ఉన్న పాత వేపచెక్క తలుపును మాత్రం కడిగి నీడన ఆరనిస్తే మళ్లీ మామూలుగా మూసుకుంది. ఎంత ఆలోచించినా బయటికి ప్లైవుడ్డే కావాలనిపిస్తే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ రకం తీసుకోండి. ఎంఆర్ (తేమను కొంతవరకే తట్టుకునే రకం) అని ఉన్నది ఇంట్లోపలికే.

ఇక అసలు విషయం. మన దగ్గర కర్రా కదులుతుంది, గోడా కదులుతుంది. రోహిణి కార్తె ఎండకు చెక్క వెడల్పులో కుదించుకుపోతుంది, శ్రావణ భాద్రపదాల తేమకు ఉబ్బుతుంది. పొడవులో మాత్రం తేడా దాదాపు ఉండదు. మా గుంటూరు చుట్టుపక్కల చాలాచోట్ల నల్లరేగడి నేల కూడా. వానకు పొంగి ఎండకు నెర్రెలు విచ్చే ఆ నేల మీద, పునాది లోతు లేని చిన్న గది గోడలు ఏటా కాస్త అటూ ఇటూ జరుగుతాయి, ద్వారబంధం మూలమట్టం తప్పుతుంది. చాలామంది తలుపును తిట్టుకుంటారు కానీ సగం సార్లు తప్పు గోడదే. అందుకే కొలతలు తీసేటప్పుడు ఎత్తు, వెడల్పుతో ఆగకండి. ద్వారబంధం రెండు ఐమూలలూ, అంటే ఒక పై మూల నుంచి ఎదుటి కింది మూల దాకా, టేపు పెట్టి కొలవండి. రెండూ సమానంగా లేకపోతే ముందు బంధాన్ని సరిచేయించండి. కొత్తగా పెట్టేటట్లయితే ఇలాంటి గదికి సిమెంటు ద్వారబంధం చాలు, కింద నుంచి చెదలు ఎక్కే భయం తగ్గుతుంది.

కర్ర దగ్గర తొందరపడకండి. టేకుకు చెదలు పట్టదని అందరూ అంటారు, ఆ గుణం లోపలి చేవకే ఉంది. చుట్టూ ఉండే తెల్లటి భాగాన్ని చెదలు హాయిగా తింటాయి. డిపోలో చెక్కలు ఎంచుకునేటప్పుడు ఆ తెలుపు లేనివి చూసుకోండి. వేప కూడా మంచి కర్ర, కానీ బాగా ఆరాలి. అంగుళం మందానికి ఏడాది అని పాత లెక్క. పచ్చి వేప తెచ్చి తలుపు చేస్తే మెలి తిరుగుతుంది. మామిడి చవక అని చూడకండి, బయట వాడితే పురుగు పడుతుంది. నన్నడిగితే అన్నిటికన్నా మేలైనది పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే కలప. దశాబ్దాల పాటు పైకప్పు కింద ఆరిన కర్ర అది, ఇంకా కదలాల్సింది తక్కువే ఉంటుంది. నేను అలాంటి టేకు దూలం ఒకటి కొని కోయించాను. కోతమిల్లుకు తీసుకెళ్లే ముందు అయస్కాంతం ఆనించి చూసి, లోపల విరిగిన మేకులన్నీ పీకేయాలి, లేకపోతే వాళ్లు రంపం పెట్టరు.

ఆరడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు తలుపుకు ఆరంగుళాల చెక్కలు ఐదు నిలువుగా, వెనక అడ్డపట్టీలు మూడు, వాటి మధ్య ఐమూల కర్రలు రెండు. తరుగుతో కలిపి రెండు, రెండుంపావు ఘనపుటడుగుల కర్ర సరిపోతుంది. చెక్క ఒక అంచున గాడి, రెండో అంచున పక్క చెక్క గాడిలో దూరే నాలుక మిల్లులోనే తీయించుకోండి. అప్పుడు చెక్కలు కుదించుకున్నా సందులోంచి వెలుతురు, జల్లు లోపలికి రావు. చెక్కకూ చెక్కకూ మధ్య ఫెవికాల్ పూయవద్దు. అతికిస్తే ఐదు చెక్కలూ ఒకే పలకై, కదలడానికి చోటులేక ఎక్కడో ఒకచోట చీలుతుంది. మే నెలలో చేస్తుంటే మధ్యలో రూపాయి బిళ్ల దూరేంత సందు వదలండి. వానల్లో చేస్తుంటే దగ్గరగా చేర్చండి, ఎండాకాలంలో వాటంతటవే విడతాయి.

తలుపు వాలిపోకుండా కాపాడేది ఐమూల కర్ర. దాని దిశ తప్పితే అది ఉండీ లేనట్లే. అడుగు కొస బందుల వైపు, పై కొస గడియ వైపు ఉండాలి. మా వీధిలో పెద్ద మేస్త్రి ఒకాయన నా తలుపు చూడటానికి వచ్చి ముందు ఆ కర్ర మీదే చెయ్యి పెట్టి, "బరువంతా దీని మీదుగా కింద బందు కాడికి దిగాలండీ" అన్నారు. గడియ వైపు తలుపు కిందికి దిగాలని చూస్తుంది, ఆ బరువును ఈ కర్ర కింద నుంచి ఎత్తిపట్టి బందు దగ్గరికి తోస్తుంది. తిరగేసి కొడితే ఆ బరువు కర్రను లాగుతుంది, లాగుడుకు స్క్రూలు వదులవుతాయి. వాలు కూడా మరీ పడుకున్నట్టు ఉండకూడదు, 45 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉండేట్టు చూడండి. కొసలు అడ్డపట్టీలకు ఖాళీ లేకుండా ఆనాలి. మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఈ ఆనింపు దగ్గరే.

స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి, ఒకటిన్నర అంగుళంవి. ముందు సన్నటి డ్రిల్ బిట్‌తో బెజ్జం వేయకుండా బిగిస్తే చేవకర్రలో స్క్రూ తల తెగుతుంది.

తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టండి, లోపల సామాను అడ్డం రాదు. పాతిక కిలోల దాకా తూగుతుంది కాబట్టి పది పన్నెండు అంగుళాల టీ బందులు (ఇంగ్లిష్ T ఆకారంలో ఉండేవి) మూడు వాడాను. అవి సరిగ్గా అడ్డపట్టీల మీదికి రావాలి. అలా తెరుచుకునే తలుపుకు బందులు బయటే కనిపిస్తాయి, స్క్రూలైతే ఎవరైనా విప్పేయగలరు. గుండ్రటి తల బోల్టులు వేసి లోపల నట్లు బిగించండి, గొళ్లేనికీ అంతే. పక్కల నాలుగైదు మిల్లీమీటర్లు, కింద అర అంగుళం ఖాళీ వదలండి.

రంగైనా నూనైనా రెండు వైపులా సమానంగా పట్టించండి. ఒకవైపే వేస్తే రెండో వైపు తేమ పీల్చి చెక్క వంగుతుంది. నీళ్లు ఎక్కువగా పీల్చేది చెక్కల అడుగు కొసలే, తలుపు బిగించకముందే అక్కడ బాగా తాగేదాకా పూయండి. ఎండ నేరుగా పడే చోట వార్నిష్ పొరలుగా లేస్తుంది. నేను అవిసె నూనె వాడుతున్నాను, ఎండాకాలం చివర మరో పూత వేస్తే చాలు. ఎనామిల్ కూడా మంచిదే, కానీ ముదురు రంగు వద్దు, బాగా వేడెక్కుతుంది.

మొదటి వానల్లో తలుపు కాస్త రాసుకుంటే వెంటనే చిత్రిక అందుకోకండి. ఆ తడిలో చెక్కేస్తే వేసవికి పెద్ద సందు పడుతుంది. కార్తీకం దాకా ఆగి బందుల బోల్టులు ఓసారి బిగించి చూడండి, అప్పటికీ రాసుకుంటుంటే ఆ ఒక్కచోటే రెండు చెక్కుళ్లు తీసి, తీసిన చోట మళ్లీ నూనె పట్టించండి.