నాన్న గుండెకి క్లిప్పు వేయించమంటారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నకి 74 ఏళ్లు, పదేళ్ల కిందట బైపాస్ అయింది. ఇప్పుడు వెల్లకిలా పడుకుంటే ఆయాసం, మూడు దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోతున్నారు, పాదాలు వాచిపోయి చెప్పులు కూడా పట్టట్లేదు. ఎకోలో మైట్రల్ వాల్వ్ బాగా లీకవుతోందని, పంపింగ్ 30 శాతమే ఉందని అన్నారు. మళ్లీ ఛాతీ తెరవడం రిస్కట, గజ్జల్లోంచి క్లిప్పు వేయొచ్చట. కోయకుండా వాల్వ్ ఎలా బాగవుతుందండీ?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అవుతుందమ్మా, కంగారు పడకండి. మైట్రల్ వాల్వ్ అంటే గుండెలో ఎడమవైపు పైగదికీ కింది గదికీ మధ్య ఉండే తలుపు, దానికి రెండు రేకులుంటాయి, అవి సరిగా మూసుకోకపోతే రక్తం వెనక్కి ఊపిరితిత్తుల వైపు తన్నుతుంది, నాన్నగారి ఆయాసం అదే. రేకుల్ని మధ్యలో కలిపి ఒక కుట్టేస్తే లీకు తగ్గుతుందని 1990ల మొదట్లో ఇటలీ సర్జన్ ఒటావియో అల్ఫియేరి చేసి చూపించారు, ఇప్పుడు క్లిప్పు చేసేదీ అదే పని. మత్తిచ్చి, గజ్జల్లో సిరలోంచి గొట్టం పైకి పంపి, గుండె పైగదుల మధ్య గోడకి చిన్న చిల్లు పెట్టి అవతలికి వెళ్లి, గొంతులోంచి దింపిన ఎకోలో చూస్తూ రెండు రేకుల్నీ క్లిప్పుతో పట్టుకుంటారు, గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. లీకు తగ్గిందో లేదో స్క్రీన్ మీద అప్పుడే కనపడుతుంది, తగ్గకపోతే వదిలేసి మళ్లీ పట్టుకోవచ్చు, కుదిరాకే క్లిప్పుని అక్కడ విడిచిపెడతారు.

అయితే లీకు ఎందుకొచ్చిందో ముందు తేలాలమ్మా. చిన్నప్పటి కీళ్లవాత జ్వరంతో రేకులు గట్టిపడిన కేసులు మన దగ్గర చాలా ఎక్కువ, వాటికి క్లిప్పు మామూలుగా పనికిరాదు, దారి ఇంకా ఇరుకైపోతుంది. మీరు రాసిందాన్ని బట్టి నాన్నగారిది గుండె సాగిపోయి రేకులు ఎడమైన లీకులా ఉంది. ఇలాంటి 614 మందితో చేసిన కోయాప్ట్ స్టడీ 2018లో వచ్చింది, రెండేళ్లలో మందుల మీదే ఉన్నవాళ్లలో 46 శాతం మంది చనిపోతే క్లిప్పు కూడా వేసినవాళ్లలో 29 శాతం మంది. అదే ఏడాది ఇదే క్లిప్పు మీద ఫ్రాన్స్‌లో చేసిన స్టడీలో మాత్రం తేడా రాలేదు. కోయాప్ట్‌లో మందులు తట్టుకోగలిగినంత డోసు దాకా పెంచాక కూడా లీకు బాగా మిగిలినవాళ్లనే, గుండె మరీ సాగిపోనివాళ్లనే తీసుకున్నారు, నాకు ముఖ్యమనిపించేది అదే.

కాబట్టి నాన్నగారి మందుల డోసులు పూర్తిగా పెంచి చూశారా, గొంతు ఎకో చేశారా అని అడగండి, మొహమాటపడొద్దు. ఈలోపు ఉప్పు, ఊరగాయలు తగ్గించి, రోజూ పొద్దున్నే టిఫిన్‌కి ముందు బరువు చూసి రాసిపెట్టండి, రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అపాయింట్‌మెంట్ రోజు దాకా ఆగకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి.