డాక్టర్ సలహా: సాటి సేవకుడిపై అసూయ.. మాత్ర వేసుకుంటేగానీ నిద్ర లేదు

ప్రశ్న: నా వయసు 54. చాలా ఏళ్లుగా సంఘ కాపరిగా ఉన్నాను. నేను చేరదీసి వాక్యం నేర్పిన ఒక యువకుడు రెండేళ్ల కిందట వేరుగా సంఘం పెట్టుకున్నాడు. మా విశ్వాసులు చాలామంది అటు వెళ్లిపోయారు. అతని ప్రసంగాల వీడియోలు వేలమంది చూస్తున్నారు, నావి పదుల్లో కూడా చూడరు. పైకి ‘దేవునికి స్తోత్రం’ అంటున్నా లోపల రగిలిపోతున్నాను. రాత్రుళ్లు ఫోన్లో అతని వీడియోలకు ఎన్ని వ్యూస్ వచ్చాయో చూస్తూ కూర్చుంటున్నాను. పడుకున్నా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది. ఆరేడు కిలోలు తగ్గాను. షుగరు, బీపీ ఉన్నాయి. మా సంఘపెద్ద ఒకరు తాను వాడే అల్ప్రాజోలం మాత్రలు ఇచ్చారు. మొదట సగం వేసుకునేవాణ్ణి, మూడు నెలలు తిరిగేసరికి రెండు వేసుకుంటేగానీ కునుకు రావడం లేదు. అసూయను జయించాలని వారంలో మూడు రోజులు ఉపవాస ప్రార్థనలో ఉంటున్నాను. వాక్యం చెప్పడానికి నిలబడితే గుండెదడ, చేతుల వణుకు. ఇక చాలు, ప్రభువు నన్ను పిలుచుకుంటే బాగుండు అనిపిస్తోంది. నాది పాపమా, జబ్బా? అసూయ తగ్గడానికి మందు ఏదైనా ఉందా?
– ఒక పాస్టరు

జవాబు: పాస్టరుగారూ, మీరు అడిగింది అసూయ గురించి. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ‘ప్రభువు పిలుచుకుంటే బాగుండు’ అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. భక్తిగలవాళ్లు మామూలుగా అనే మాటేగదా అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. వైద్యులం అలా సరిపెట్టుకోలేం. నిద్ర కరవై, బరువు తగ్గి, దిగులుతో ఉన్న మనిషి ఆ మాట అంటే మేం సూటిగా అడిగి తీరతాం: చనిపోవాలన్న ఆలోచన వస్తోందా? ఎలాగో కూడా అనుకున్నారా? మీరు నా ఎదురుగా లేరు. కాబట్టి మీ భార్యగానీ, మీకు బాగా నమ్మకమున్న మనిషిగానీ ఈ రోజే మిమ్మల్ని ఇలాగే అడగాలి. మీరు దాచకుండా చెప్పాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని వాళ్లు భయపడనక్కర్లేదు, అలా జరగదు. అవునని మీ నోట వస్తే మిమ్మల్ని ఒంటరిగా ఉంచకూడదు, ఇంట్లోని మాత్రలన్నీ వేరొకరి చేతిలో ఉండాలి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అపాయింట్‌మెంటు దొరకలేదని ఆగొద్దు, ఎమర్జెన్సీ విభాగానికే వెళ్లండి.

ఇప్పుడు ఆ మాత్రల సంగతి. ఇక్కడ కాస్త గట్టిగానే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

అల్ప్రాజోలం మంచి మందే. తీవ్రమైన ఆందోళనలో, కొద్దికాలానికి, డాక్టరు కనిపెట్టి చూస్తుండగా వాడాల్సిన మందు. రోజూ వేసుకుంటూ పోతే కొన్ని వారాల్లోనే ఒళ్లు దానికి అలవాటుపడుతుంది, మొదటి మోతాదు సరిపోదు. సగం నుంచి రెండుకు మీరు ఎలా వచ్చారో మీరే రాశారు. అది మీ బలహీనత కాదు, ఆ మందు చేసే పనే అంత. పైగా రెండు అంటే ఎంత? ఈ మాత్ర పావు మిల్లీగ్రాములో వస్తుంది, అర మిల్లీగ్రాములో వస్తుంది, ఒక మిల్లీగ్రాములోనూ వస్తుంది. మీరు మింగుతున్నది రోజుకు అర మిల్లీగ్రామా, రెండు మిల్లీగ్రాములా? నాలుగు రెట్ల తేడా ఉంది. మీ ఉత్తరంలో ఆ వివరం లేదు. మందు మీ పేరున రాసింది కాదు కాబట్టి బహుశా మీకూ తెలిసి ఉండదు.

ఇంకొక విషయం. ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికి సగటున 11 గంటలు పడుతుంది. రాత్రి పదింటికి వేసుకుంటే మర్నాడు పొద్దున వాక్యం చెప్పే వేళకు దాని పట్టు సడలుతూ ఉంటుంది. అలవాటుపడిన ఒంట్లో మందు తగ్గుతుంటే ఏం జరుగుతుంది? గుండెదడ, చేతుల వణుకు, కారణం తెలియని కంగారు. దాన్ని మీరు అసూయకు పడిన శిక్ష అనుకుంటున్నారు. నాకైతే ముందు ఆ మాత్ర మీదే అనుమానం. చూడకుండా తేల్చి చెప్పలేను.

అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. దయచేసి మానేయకండి. నెలల తరబడి వేసుకున్న అల్ప్రాజోలం ఒక్కసారిగా ఆపితే నిద్ర పూర్తిగా పోవచ్చు, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టరు దగ్గర కూర్చుని, ఎంత మోతాదులో ఉన్నారో తేల్చుకుని, వారాల మీద, అవసరమైతే నెలల మీద కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. అప్పటిదాకా ఇప్పుడున్న మోతాదుకు మించొద్దు. దాంతోపాటు మగత తెచ్చే దగ్గు మందులు, అలర్జీ మాత్రలు మీ అంతట మీరు కలపొద్దు. కొన్ని దగ్గు మందుల్లో ఉండే కోడీన్, ఈ మాత్ర కలిస్తే శ్వాస మందగించే ప్రమాదముంది. మీకు గట్టిగా గురక వచ్చే అలవాటుంటే, నిద్రలో ఊపిరి ఆగినట్టవుతోందని మీ భార్య ఎప్పుడైనా అని ఉంటే, డాక్టరుకు ఆ మాట తప్పక చెప్పండి. మాత్ర మత్తులో బండి నడపొద్దు.

ఆ సంఘపెద్ద ప్రేమతోనే ఇచ్చి ఉంటారు, కాదనను. కానీ ఒకరికి రాసిన మందు ఇంకొకరికి పంచడం ప్రేమ చూపే పద్ధతి కాదు. ఆయన వయసు వేరు, ఆయన జబ్బు వేరు, ఆయనకున్న షుగరు, బీపీ లెక్కలు వేరు. రేపు ఇంకొకరెవరో ‘దడకు ఇది బాగా పనిచేస్తుంది’ అని ప్రొప్రనోలాల్ అనే మాత్ర తెచ్చిస్తారు. ఆస్తమా ఉన్నవాళ్లకు అది ప్రాణం మీదికి తెస్తుంది. నిద్రలేమితో వచ్చేవాళ్లలో చాలామంది మొదట వచ్చేది నిద్ర కోసం కాదు, వదలని మాత్రను మాన్పించుకోవడం కోసం. మూడు నెలల కిందట వచ్చి ఉంటే ఒక పని ఉండేది, ఇప్పుడు రెండు పనులయ్యాయి.

ఉపవాసం గురించి. షుగరుకు ఏ మందు వాడుతున్నారో రాయలేదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివో, ఇన్సులినో వేసుకుని ఏమీ తినకుండా ఉంటే షుగరు 70 కంటే కిందికి పడిపోవచ్చు. అప్పుడూ దడే, వణుకే, పైగా చెమటలు, మాట తడబాటు. బీపీకి మెటోప్రోలాల్ లాంటివి వాడేవాళ్లలో ఆ దడ, వణుకు సరిగా బయటపడవు, చెమట ఒక్కటే కనిపిస్తుంది. షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ తరహా మందులు వాడుతూ పస్తులుంటే రక్తంలో కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలు పెరిగే ప్రమాదముంది. అప్పుడు మీటరులో షుగరు మరీ ఎక్కువగా కనిపించకపోయినా పరిస్థితి విషమించవచ్చు. ఉపవాసం రోజున మాత్రలూ మానేస్తున్నానంటారా? అయితే షుగరు అదుపు తప్పి, మీరు తగ్గిన ఆరేడు కిలోల్లో దానికీ భాగం ఉండి ఉంటుంది. ప్రార్థన వద్దని చెప్పడానికి నేనెవర్ని? ఈ స్థితిలో పస్తులు మాత్రం ఆపండి. షుగరు కుదుటపడి, పోయిన బరువు కొంత వెనక్కి వచ్చాక, మీ డాక్టరుతో మాట్లాడుకుని మళ్లీ ఆలోచించవచ్చు.

బరువు తగ్గడం, దడ, వణుకు, నిద్ర లేకపోవడం... ఈ నాలుగూ కలిసి కనిపిస్తే థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందేమో చూడకుండా వదలకూడదు. థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, మూడు నెలల షుగరు సగటుకు హెచ్‌బీఏ1సీ, హిమోగ్లోబిన్, కిడ్నీలకు క్రియాటినిన్, ఒక ఈసీజీ చేయించుకోండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతుంటే విటమిన్ బి12 కూడా. ఇవన్నీ మామూలు పరీక్షలే. ఇంకేమైనా కావాలంటే మిమ్మల్ని చూసిన డాక్టరు చెబుతారు.

ఇక పాపమా, జబ్బా అన్న ప్రశ్న. మొదటి సగం నా శాఖ కాదు. రెండో సగానికి జవాబు చెప్పగలను. అసూయ జబ్బు కాదు, దానికి మాత్ర లేదు. కానీ రెండు వారాలు దాటి దిగులు వదలకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, వేళకాని వేళ మెలకువ, బరువు తగ్గడం, నేను పనికిరానివాణ్ణి అన్న భావన, చావు గురించిన ఆలోచన... వీటన్నిటినీ కలిపి చూస్తే డిప్రెషన్ అని అనుమానించాలి. అది జబ్బు, దానికి చికిత్స ఉంది. మీరు చెప్పే అసూయలో కొంత ఈ జబ్బు పెంచి చూపిస్తున్నదే అయి ఉంటుంది. డిప్రెషన్‌లో ఉన్న మనిషి ఎవరితో పోల్చుకున్నా తనే తక్కువగా కనిపిస్తాడు. మీరు అసూయ అంటున్నదాంట్లో ఇంకొంత దుఃఖం అనిపిస్తోంది నాకు. కొడుకులా పెంచినవాడు ఇల్లు వదిలి వెళ్లిన దుఃఖం. దానికి సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మీకు నేను వాక్యం చెప్పేవాణ్ణి కాను. అయినా ఏలీయా ప్రవక్త సంగతి మీకు గుర్తుచేయాలనుంది. కర్మెలు కొండ మీద అంత గెలుపు తర్వాత అరణ్యంలోకి పోయి, చెట్టు కింద కూర్చుని, నా ప్రాణం తీసుకోమన్నాడు. ఆయనకు మొదట అందింది మందలింపు కాదు. నిద్ర, తిండి, మళ్లీ నిద్ర, మళ్లీ తిండి. ‘ఇక్కడ నీకేం పని’ అన్న ప్రశ్న చాలా రోజుల తర్వాత వచ్చింది. మేం వైద్యంలో పాటించే వరస కూడా అదే. ‘ప్రార్థనలో పెట్టాం, చూద్దాం’ అంటూ నెలలు గడిపి, మనిషి బాగా కుంగిపోయాక తీసుకొచ్చే కుటుంబాలు చాలా ఉన్నాయి. ప్రార్థన చేస్తూనే రావచ్చుగదా. డిప్రెషన్‌కు ఇచ్చే మందులు అల్ప్రాజోలంలా అలవాటుపడేవి కావు. అయితే గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది, వాటినీ సొంతంగా ఆపకూడదు. నిద్రలేమికి మాత్ర లేకుండా ఇచ్చే శిక్షణ ఉంది, సీబీటీ–ఐ అంటారు. దీర్ఘకాలం నిద్ర పట్టనివాళ్లకు ముందు సూచించేది అదే.

అసూయ విషయంలో డాక్టరుగా చెప్పగలిగినవి కొన్నే. రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ పడకగదిలో ఉండకూడదు. దావీదును తనకంటే మిన్నగా పొగిడిన స్త్రీల పాట విన్నాక సౌలు రాజు అతని మీద కన్ను వేసి ఉంచాడని మీరు ఎన్నిసార్లు చెప్పి ఉంటారో. వ్యూస్ చూస్తూ మీరు చేస్తున్నది అదే. పైగా మసక వెలుతురులో, అర్ధరాత్రి, అలసిన మెదడుతో. ఆ వీడియోలు మీకు కనిపించకుండా ఇంట్లో ఎవరిచేతనైనా పెట్టించుకోండి. అక్కడ కూటానికి ఎంతమంది వచ్చారో, ఎంత కానుక పడిందో మోసుకొచ్చేవాళ్లు మీ చుట్టూ ఇద్దరు ముగ్గురు ఉండే ఉంటారు. బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి కూడా అలాంటి కబురు తెచ్చింది ఆయన శిష్యులే, అందరూ యేసు దగ్గరికే పోతున్నారని. ఆ కబుర్లు నాకు చెప్పొద్దని మర్యాదగా ఆపండి. పక్క క్లినిక్ ముందు జనం పెరిగితే మా వృత్తిలోనూ ఈ మంట రగులుతుంది, దాన్ని ఎగదోసేది ఎక్కువగా కబుర్లు తెచ్చేవాళ్లే.

అందరి బాధలూ వినే మీకు మీ బాధ చెప్పుకునే చోటు లేకపోవడం నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. మీ సంఘానికి సంబంధం లేని ఒక పెద్ద సేవకుణ్ణో, శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో ఎంచుకుని, నాకు రాసిన ఈ మాటలే ఆయనకు చెప్పండి. ప్రసంగ వేదిక మీద నుంచి మాత్రం చెప్పొద్దు, ఆ యువకుణ్ణి ఉద్దేశించి ప్రసంగాలూ చేయొద్దు. అతనికి ఫోన్ చేసి కడిగేయడం, పరిచర్య మానేస్తానని ప్రకటించడం లాంటి నిర్ణయాలు నిద్ర కుదిరేదాకా వాయిదా వేయండి. కొన్ని వారాలు ఆదివారం వాక్యం వేరొకరికి అప్పగించినా నష్టం లేదు.

ఇదంతా మీ ఉత్తరం చూసి రాసింది, మిమ్మల్ని పరీక్షించి చెప్పింది కాదు. కాబట్టి దీన్నిబట్టి మందులు మార్చుకోకండి. ఈ వారంలోనే ఒక ఫిజీషియన్‌ను, ఆయన సూచిస్తే సైకియాట్రిస్టును కలవండి. మీ భార్యను వెంట తీసుకెళ్లండి, రాత్రి మీరెలా ఉంటున్నారో మీకంటే ఆమెకే బాగా తెలుసు. షుగరు, బీపీ మందులతోపాటు సంఘపెద్ద ఇచ్చిన మాత్రల స్ట్రిప్పు కూడా పట్టుకెళ్లండి, మొహమాటపడి దాచొద్దు. ఈలోగా ఛాతీలో నొప్పి, ఫిట్స్, మాట తడబాటు, స్పృహ తప్పడం లాంటివి కనిపిస్తే ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. వణుకు, చెమటలు పడితే వెంటనే షుగరు చూసుకోండి. 70 కంటే తక్కువుంటే, స్పృహలో ఉంటే, గ్లూకోజో పంచదార నీళ్లో తాగి పావుగంటకు మళ్లీ చూసుకోండి. అది ఉపవాసం రోజైనా సరే.