మామిడి ముదురాకులో దాగిన బూజుకు మందు కొట్టాలా?

ప్రశ్న: మాది పద్మనాభం మండలం. బంగినపల్లి, సువర్ణరేఖ చెట్లున్నాయి. ఒక్క మచ్చ కూడా లేని ముదురాకులు కోసి, తడిగుడ్డతో కలిపి పాలిథిన్ కవర్లో కట్టి ఉంచితే వారానికల్లా నల్లటి చుక్కలు లేచాయి, వాటి మీద నారింజ రంగు జిగురు కనిపించింది. తోటంతా తెగులు పాకినట్టేనా? ఇప్పుడే మందు కొట్టాలా?
– ఒక రైతు, విశాఖపట్నం జిల్లా

జవాబు: ఇప్పుడు కొట్టకండి. కోసిన ఆకు చచ్చిపోతూ తన రక్షణ కోల్పోతుంది. అంతవరకు లోపల అణిగి ఉన్న శిలీంద్రం అప్పుడు బయటపడుతుంది. ఆ నారింజ జిగురు చాలావరకు కొల్లెటోట్రైకమ్ అనే శిలీంద్రం బీజాల ముద్దే అయి ఉంటుంది. మామిడిలో మచ్చ తెగులు తెచ్చేది ఇదే, ఏ హానీ చేయకుండా ఆకులో నెలల తరబడి ఉండిపోయేదీ ఇదే. ఏ పాత్ర పోషిస్తుందన్నది చాలావరకు ఆకు వయసును బట్టి, తడి ఎంతసేపు నిలిచిందన్నదాన్ని బట్టి ఉంటుంది.

చిగురు విప్పుకున్నప్పుడు లోపల శిలీంద్రాలు దాదాపు ఉండవు. ఎండుపుల్లల మీద, రాలిన ఆకుల మీద ఉన్న బీజాలు వాన చినుకులతో ఎగిరి వచ్చి, ఆకు తడిగా ఉన్నంతసేపట్లో మొలకెత్తి లోపలికి దిగుతాయి. అందుకే ముదురాకులో రకరకాల శిలీంద్రాలు దొరకడం మామూలే. రాగిరంగు లేతాకు పలచన, పైపొర ఇంకా గట్టిపడదు. బూజు ఆకు కణాలను చంపుకుంటూ పోతుంది, గోధుమరంగు మచ్చలు కలిసిపోయి అంచులు మెలిపడతాయి. మూడు నాలుగు వారాల్లో ఆకు ముదిరి, మైనపు పొర మందమవుతుంది. వంచితే లేతాకులా వాలిపోదు, ఫట్‌మని విరుగుతుంది. ఆ దశలో మచ్చ పడినా చిన్నగానే ఆగిపోతుంది, నడుమ ఎండి రాలి చిల్లు మిగులుతుంది. పాత చిల్లులు చూసి మందు కొడితే డబ్బు దండగ.

లోపలున్నవన్నీ శత్రువులూ కావు. పనామాలో కోకో ఆకుల్లోకి ఇలాంటి శిలీంద్రాలను ముందే ఎక్కిస్తే ఫైటోఫ్తోరా అనే తెగులు సూక్ష్మజీవి చేసే నష్టం తగ్గిందని 2003లో పరిశోధకులు ప్రకటించారు. మామిడిలోనూ అంతేనని దీన్నిబట్టి చెప్పకూడదు. అయితే కార్బెండజిమ్ లాంటి అంతర్వాహిక మందు ఆకులోకి ఇంకుతుంది, తెగులు బూజునూ హాని చేయనివాటినీ వేరు చేసి చూడదు. పదేపదే వాడితే తెగులు బూజే దానికి తట్టుకోవడం నేర్చుకుంటుంది.

మీరు చేయాల్సిందల్లా ఇది. కోత అయ్యాక ఎండుపుల్లలను ఎండిన చోటికి మూడు నాలుగు అంగుళాల కింద, పచ్చి కొమ్మ వరకు కత్తిరించి కాల్చేయండి. కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూయండి. చెట్టు కిందే కుప్ప పోస్తే బీజాలు మళ్లీ చిగురు మీదికే వస్తాయి. తోట నాలుగు మూలలా పది చిగురు కొమ్మలకు దారం కట్టి, నాలుగైదు రోజులకోసారి చూడండి. ముసురు పట్టేలా ఉండి చిగురు రాగిరంగులో ఉంటే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి, ఆకు అడుగు భాగం కూడా తడిసేలా పిచికారీ చేయండి. అప్పటికే లేతాకు మచ్చలు పెరుగుతుంటే దాని బదులు లీటరుకు 1 గ్రాము కార్బెండజిమ్, ఒక్కసారే. పొడి వాతావరణంలో వచ్చిన చిగురుకు ఏదీ అక్కర్లేదు.

వేలితో తుడిస్తే పోయే నల్లటి మసి సంగతి వేరు. అది తేనెమంచు పురుగు విసర్జించే తీపి జిగురు మీద, ఆకు పైనే పెరుగుతుంది. ముందు పురుగును చూసుకోవాలి.

పూతకు కూడా మచ్చ తెగులు ముప్పు ఉంది. అయినా విప్పారిన పూత మీద మాత్రం మందు కొట్టవద్దు, పరాగసంపర్కం చేసే ఈగలు, తేనెటీగలు దూరమవుతాయి. కొట్టాల్సి వస్తే మొగ్గ దశలోనో, పిందె కట్టాకో కొట్టండి.