దేవగిరి దిగి బొంబాయి పాత రేవు చూడాలనుకునేవాళ్లకు

మీ ప్రశ్న చదివిన. నిజామాబాద్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి అమ్మానాన్నలతో బొంబాయి పోతున్నరు, గేట్‌వే, మెరీన్ డ్రైవ్ ఇదివరకే చూసిండ్రు. ఈసారి పాత ఓడరేవునూ, అందులో బాగుచేసి కొత్తగా తెరిచిన చోట్లనూ ఒక్కరోజులో చూడొచ్చా అని అడిగిండ్రు. చూడొచ్చు. కానీ సింగపూర్, దుబాయ్ వీడియోలు చూసి, గోదాములన్నీ హోటళ్లయి నీళ్ల పక్కన టైల్స్ పరిచి ఉంటయనుకుంటే మాత్రం నిరాశే. బొంబాయిల తూర్పు ఒడ్డు ఇప్పటికీ చాలావరకు గోడ వెనకనే ఉంది. ఒక దగ్గర రంగు వేసింది కనిపిస్తది, పక్కనే రేకుల షెడ్డు. నాకైతే అదే ఇష్టం.

మాది జగిత్యాల దగ్గర. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మనవైపు అంటరు కదా, మా మేనమామ బొంబాయి పోయినోడు. కాటన్ గ్రీన్ గోదాముల్లో హమాలీ పని చేసిండు. ఆయన దగ్గరికి పోతూ వస్తూ ఈ పట్టీ మొత్తం తిరిగిన.

సీఎస్‌ఎంటీల (పాత వీటీ స్టేషన్) దిగంగనే సామాను క్లోక్‌రూంలో పెట్టి, ట్యాక్సీల కొలాబా వైపు ససూన్ డాక్‌కు పొండి. 1875ల ఆల్బర్ట్ ససూన్ సముద్రాన్ని పూడ్చిన నేల మీద కట్టించిండు. అప్పట్లో ఇక్కడి నుంచి పత్తి పోతుండె, ఇప్పుడు చేపలు దిగుతయి. అసలు వేలం తెల్లారక ముందే, మీరు చేరేసరికి జోరు తగ్గుతది. ఐనా పడవల మీది నుంచి గంపలు ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఎగురుకుంటూ గట్టు మీదికి వస్తుంటయి, కోలీ (ఇక్కడి చేపలు పట్టే కులం) ఆడోళ్లు బేరం మధ్యల మనల్ని పక్కకు జరగమని గదమాయిస్తరు. షెడ్లల్ల చిన్న పీటల మీద వరుసగా కూసున్నోళ్ల ముందు రొయ్యల కుప్ప. తల తెంపుడు, పొట్టు లాగుడు, గిన్నెలకు విసురుడు, అంతా చూపు తిప్పకుండనే. నేలంతా ఐసు నీళ్లు, కాబట్టి రబ్బరు చెప్పులు వేసుకోండి. ఫోటోలకు ఒప్పుకోరు, ఫోన్ జేబులనే ఉంచండి. వాసన పడకపోతే ఈ డాక్ వదిలేయండి, బలవంతం లేదు.

అక్కడి నుంచి బల్లార్డ్ ఎస్టేట్. సీఎస్‌ఎంటీ నుంచి నడిచేంత దూరమే. అలెగ్జాండ్రా డాక్ (ఇప్పుడు ఇందిరా డాక్) కోసం తవ్విన మట్టిని సముద్రంల పోసి, 1914-18 మధ్య ఈ పేటను లేపిండ్రు. గేట్‌వే గీసిన జార్జ్ విటెట్‌దే ఈ ప్లాన్ కూడా. అందుకే భవనాలన్నీ ఒకే ఎత్తుల, ఒకే రాయి రంగుల నిలబడి ఉంటయి. ఆదివారమైతే వీధులు ఖాళీ, పెద్దోళ్లు నిమ్మళంగ నడవొచ్చు. ఒకప్పుడు ఇంగ్లండ్ స్టీమర్ దిగినోళ్లు బల్లార్డ్ పియర్‌లనే రైలు ఎక్కి ఫ్రాంటియర్ మెయిల్‌లో పెషావర్ దాకా పోయేవాళ్లు. ఇప్పుడు ఆ పియర్ దగ్గర క్రూయిజ్ టెర్మినల్ ఉంది. మీరనే ‘కొత్తగా మార్చిన రేవు’ ఇదే, కానీ టికెట్ లేకుండ లోపలికి పోనియ్యరు, బయటి నుంచి చూసి వచ్చేయడమే.

రేవు ఎందుకు పడుకుందంటారా? పెద్ద కంటెయినర్ ఓడలకు ఈ పాత డాకులు సరిపోలేదు. 1989ల అవతలి ఒడ్డున నవా షేవా పోర్టు తెరిచినంక సరుకు అటు మళ్లింది. 1880 నాటి ప్రిన్సెస్ డాక్, దాని పక్కనున్న విక్టోరియా డాక్ రెండూ పూడ్చేసిండ్రు.

ఆ విక్టోరియా డాక్‌లనే 1944 ఏప్రిల్ 14న ఫోర్ట్ స్టికైన్ ఓడ పేలింది. కరాచీల ఎక్కించింది పత్తి బేళ్లు, పేలుడు సామాను అప్పటికే అదే ఓడల ఉంది. నిప్పు పత్తిల మొదలైంది. మనం పత్తి పండించేటోళ్లం, జిన్నింగ్ మిల్లు చూసినోళ్లం, ఇది మనకు వివరించనక్కర్లేదు: బేలు లోపల నిప్పు పడితే పైన ఎన్ని నీళ్లు కొట్టినా కడుపుల రాజుకుంటనే ఉంటది. సాయంత్రం నాలుగు దాటంగనే రెండు పేలుళ్లు. 800 మందికి పైగా పోయిండ్రు, అందుల 66 మంది ఫైర్ సిబ్బంది. ఏటా ఏప్రిల్ 14 నుంచి మన ఊళ్ల ఫైర్ స్టేషన్లల్ల కూడా అగ్నిమాపక వారోత్సవాలు జరిపేది వాళ్ల యాదిలనే.

భోజనం చేసి సీఎస్‌ఎంటీల హార్బర్ లైన్ లోకల్ ఎక్కండి, మధ్యాహ్నం రద్దీ తక్కువ. కుడివైపు కిటికీ పట్టుకోండి. డాక్‌యార్డ్ రోడ్, రే రోడ్, కాటన్ గ్రీన్, సెవ్రీ... రేవు అంతా స్టేషన్ల పేర్లలోనే వరుసగా దొరుకుతది. కాటన్ గ్రీన్‌ల దిగితే కాటన్ ఎక్స్ఛేంజ్ భవనం ఉంది, కాటన్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఆఫీసు అందులనే. వరంగల్ ఏనుమాముల యార్డుల పత్తి రేటు మీద కొట్లాడేటోళ్లు ఒక్కసారన్నా ఈ భవనం ముందర నిలబడాలని నాకనిపిస్తది. గోదాములు చాలావరకు మూసే ఉంటయి. మామ పనిచేసిన గోదాముకు తాళం తుప్పు పట్టింది, తలుపు మీద నంబరు సగం చెరిగింది. సెవ్రీల ఫ్లెమింగోల కోసమైతే చలికాలం, ఎండాకాలం మొదట్ల, ఆటు సమయం చూసుకుని పోవాలె. 2024ల తెరిచిన అటల్ సేతు కూడా అక్కడి నుంచే మొదలైతది, 21.8 కిలోమీటర్లు.

టైం మిగిలితే కామాటిపుర. రెడ్‌లైట్ ఏరియా అని పేరు చెప్తే జనం మొఖం అదోలా పెడతరు, కానీ ఆ పేటకు పేరు వచ్చింది నిజాం ఇలాకా నుంచి పోయి ఆ నగరానికి మట్టి మోసి, రాళ్లు పేర్చిన మన తెలుగు కామాటోళ్ల నుంచే. అమ్మానాన్నలతో లోపలి గల్లీలు తిరగమని చెప్పను, మెయిన్ రోడ్డు మీదుగా ట్యాక్సీల పొండి.

నిజంగా నీళ్ల మీదికి పోవాలంటే భావుచా ధక్కా, అంటే ఫెర్రీ పడవలు ఎక్కే రేవు. అవతలి ఒడ్డు మాండ్వాకు రో-రో ఓడ (బండ్లనూ ఎక్కించుకునేది) అక్కడి నుంచే, 2020 నుంచి నడుస్తున్నది. ఓడ మీది నుంచే రేవు మొత్తం ఒక్కసారి కనిపిస్తది, గోడలు అడ్డం రావు. ఇది పెట్టుకుంటే కాటన్ గ్రీన్, సెవ్రీ వదులుకోవాలె, ఒక్కరోజుల రెండూ కావు. మీ నాన్నకు మోకాళ్ల నొప్పులుంటే ఓడనే ఎంచుకోండి, హార్బర్ లైన్ స్టేషన్ల మెట్లు ఎక్కుడు దిగుడు కష్టం.